హరిదళం పూత

జెర్సీ సిటీ,
జనవరి 12, 2025

పెద్దమ్మా,

క్షేమసమాచారాలు ఆఖర్న రాస్తాను. ముందు నా కడుపుమంట విను.

క్రిస్మస్ సెలవులకి క్యారీలో అమ్మావాళ్ళింటికి వెళ్ళాను కదా. ఇంట్లో వ్రతం పెట్టుకున్నారు, ఇల్లంతా జనం. వచ్చిన ప్రతివాళ్ళకీ నాన్న నన్నెలా పరిచయం చేశాడనుకున్నావు? "మా బిందు న్యూయార్క్ లైబ్రరీలో చైనా పుస్తకాలకి తప్పులు దిద్దుతోందండీ." అది విని ఒక ఆంటీ నన్ను వంటింటి గుమ్మం దగ్గర పట్టుకుంది. వాళ్ళమ్మాయికి జూమ్‌లో చైనీస్ చెప్పాలట. నాకు చైనీస్ రాదాంటీ అన్నాను. "అయ్యో, మరి తప్పులెలా కనిపెడతావమ్మా?" అని బోలెడు జాలిపడింది. ప్రణవ్ అన్నయ్య అయితే నాకు 'వైట్‌నర్ ఇన్‌స్పెక్టర్' అని బిరుదిచ్చి, వాళ్ళ ఆఫీసు వాళ్ళకి కూడా అలాగే చెప్పాడు. అమ్మ మాత్రం ప్రసాదం కప్పులు సర్దుతూ "మేలో అయిపోతుందిలే" అంది. జ్వరం గురించి చెప్పినట్టు.

నేను తప్పులు దిద్దను పెద్దమ్మా. చైనాలో వందల ఏళ్ళ కిందట చేత్తో పుస్తకాలు రాసేవాళ్ళు తప్పు రాసినప్పుడు దాన్ని దేంతో కప్పారో కనిపెడతాను. అంతే నా పని. పాత రోజుల్లో అక్కడ పురుగు పట్టకుండా కాగితాన్ని ఒక చెట్టు బెరడు రసంతో తడిపేవాళ్ళు. దాంతో కాగితం పసుప్పచ్చగా అయ్యేది. పచ్చటి కాగితం మీద తెల్లరంగు పూస్తే తప్పు ఇంకా కొట్టొచ్చినట్టు కనపడుతుంది. అందుకని కాగితం రంగులోనే ఉండే ఒక రాయిని నూరి, జిగురు కలిపి, కుంచెతో తప్పు మీద పూసేవాళ్ళు. ఆరాక దాని మీదే సరైన అక్షరం రాసేవాళ్ళు. ఆ రాయిని తెలుగులో హరిదళం అంటారట, పెదనాన్న నిఘంటువులో ఉందేమో చూడమను. ఆర్సెనిక్, గంధకం కలిసిన రాయి. తర్వాతి కాలపు తెల్ల కాగితాల మీదైతే సీసపు తెలుపో, సుద్దో ఉంటుంది. ఏ పూత రాసిన నాటిది, ఏ పూత తర్వాత ఇంకెవరో వేసింది అన్నది కంటికి తెలీదు. మా దగ్గర రెండు మిషన్లున్నాయి. ఒకటి అందులో ఏ మూలకాలున్నాయో చెబుతుంది. రెండోది లేజర్ చుక్క వేసి, తిరిగొచ్చిన వెలుగుని బట్టి అది ఏ పదార్థమో చెబుతుంది. పేజీని గీకక్కర్లేదు. పుస్తకానికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు.

ఇదంతా అమ్మకి చెప్పబోయాను. అమ్మ వాళ్ళ ఫార్మా కంపెనీలో క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లో ఒక పోస్టు ఖాళీ అవుతోందట. నా రెజ్యూమె నన్నడక్కుండా వాళ్ళ మేనేజర్‌కి ఇచ్చేసింది. "కెమిస్ట్రీ చదివింది కెమిస్ట్రీ చెయ్యడానికి" అంటుంది. నేను చేసేదీ కెమిస్ట్రీయే కదా తల్లీ! ఏప్రిల్ మొదట్లో వాళ్ళకి అవునో కాదో చెప్పాలి. ఇక్కడ నా ఉద్యోగం మేలో అయిపోయే మాట నిజమే కానీ, ఇంకో రెండేళ్ళకి నిధులొచ్చే సూచనలున్నాయని మా బాసు ఆవిడ అంటోంది. వస్తే ఉండిపోవాలని ఉంది. కాలేజీలో రెండుసార్లు మేజర్ మార్చాను, ఊళ్ళు మార్చాను, ఒక్కచోట ఆరు నెలలు కుదురుగా ఉన్న పాపాన పోలేదు. ఇక్కడ మాత్రం సాయంత్రం ఐదయిందని వేరేవాళ్ళు చెప్తే తెలుస్తోంది.

నా మాట అమ్మకి ఎక్కదు. నువ్వు చెప్తే వింటుంది. నువ్వు తన అక్కవి, పైగా ముప్పై ఏళ్ళు ఆసుపత్రి ల్యాబ్‌లో చేసినదానివి. కొంచెం నచ్చజెప్పవూ?

నేను బాగున్నాను. మీరిద్దరూ బాగున్నారని తలుస్తాను. (ఆఖర్న రాస్తానన్నాను కదా.)

నీ
బిందు


శాన్ రామన్,
జనవరి 22, 2025

చిరంజీవి బిందుకి పెద్దమ్మ ఆశీస్సులు.

నీ ఉత్తరం పెదనాన్నకి పైకి చదివి వినిపించాను. ఫోన్‌లో అయితే నువ్వు చెప్పేది సగం నా చెవికి అందదు, మిగతా సగం ఆయన అందనివ్వరు. అందుకే ఎన్నేళ్ళయినా నీ చేత ఉత్తరాలు రాయించేది. అక్షరాలు మాత్రం కోడిపిల్లలు పరిగెత్తినట్టున్నాయి, కాస్త నిలబెట్టి రాయి.

హరిదళం నిఘంటువులో దొరికింది. ఆయనకి అదొక పండగ. "చూశావా గిరిజా, ఉంది!" అని రెండు గదుల అవతల్నించి కేకేశారు. ఏళ్ళ తరబడి వంతెనలు కట్టిన మనిషికి రిటైరయ్యాక మాటలు తవ్వుకోవడం పనయింది.

ఇక అసలు సంగతి. ఏమే, ఆర్సెనిక్ అని అంత తేలిగ్గా రాసేస్తావా? చీమ కుట్టినట్టు ఉండదట! పుస్తకానికి ఉండదు, నీ సంగతేమిటి? గ్లోవ్స్ వేసుకుంటున్నావా? ఆ పూత పొడిపొడిగా రాలే పేజీలుంటే మూతికి ఏం కట్టుకుంటున్నావు? గోళ్ళు కత్తిరించుకో. ల్యాబ్‌లో ఏమీ తినకు. మా ల్యాబ్‌లో ఒకమ్మాయి మైక్రోస్కోపు పక్కనే అరటిపండు తినేది, నేను రిటైరయ్యేదాకా దాన్ని తిడుతూనే ఉన్నాను.

దుర్గతో మాట్లాడాను. చాలాసేపు మాట్లాడాను. నీ పని ఏమిటో మీ అమ్మకి అర్థమయ్యేలా చెప్పాను. ముందు సణిగింది, తర్వాత శ్రద్ధగా వింది, చివరికి "అవునా అక్కా!" అంది. ఇక నీ జోలికి రాదు. నేను ఏం చెప్పాను, ఎలా చెప్పాను అని నువ్వు తవ్వకు. పని అయిందా లేదా?

ఒక్క మాట అడుగుతాను, కోప్పడకు. ఆ ఊళ్ళో ఉండిపోవడానికి లేజర్ ఒక్కటే కారణమా? పెదనాన్న అడగమన్నారు. (నేనే అడుగుతున్నాను.)

పెద్దమ్మ


జెర్సీ సిటీ,
ఫిబ్రవరి 2, 2025

పెద్దమ్మా,

నువ్వు మంత్రం వేశావా?

అమ్మ నిన్న ఫోన్ చేసింది. మామూలుగా అయితే "తిన్నావా", "అద్దె పెంచారా", "మేలో వస్తున్నావుగా" అని మూడు ముక్కలు. నిన్న నా పని గురించి అడిగింది! ఆ పూత ఎంత మందం ఉంటుంది, ఇన్నాళ్ళయినా రంగు దిగలేదా, దగ్గరికెళ్తే వాసన వస్తుందా అని. వాసన సంగతెందుకో అర్థం కాలేదు కానీ, అడగడమే నాకు పదివేలు. చెప్పాను. ఇన్నేళ్ళలో మొదటిసారి అమ్మ నన్ను మధ్యలో ఆపకుండా వింది. ఫోన్ పెట్టేశాక కాసేపు కిటికీ దగ్గర నిలబడిపోయాను. ఎదురు టవర్‌లో మనలాంటి వాళ్ళే ఎవరో బాల్కనీ రెయిలింగ్ మీద దుప్పటి ఆరేసుకుంటున్నారు, బిల్డింగ్ వాళ్ళు మెయిల్ పెట్టేదాకా తియ్యరు. వాళ్ళని చూసినా ముద్దొచ్చింది.

ఇవాళ అమ్మ దగ్గర్నించి పార్సిల్ కూడా వచ్చింది. మూడు పొట్లాల పసుపు. దుగ్గిరాలది ఒకటి, నిజామాబాద్‌ది ఒకటి, సేలంది ఒకటి. ఒక్కోదాని మీదా ఊరు పేరు, తేదీ రాసి, టేపు వేసి మరీ పంపింది. అమ్మకి వంటింట్లో కూడా లేబుళ్ళ పిచ్చి కదా. నేను వండుకోనని బెంగ కాబోలు. సేలంది పప్పులో వేశాను, బాగుంది.

నీ ప్రశ్నలకి జవాబులు. గ్లోవ్స్ ఉన్నాయి. పొడి రాలే పేజీలకి వేరే గది, గాలిని లాగేసే గొట్టం. ల్యాబ్‌లోకి నీళ్ళ సీసా కూడా రానివ్వరు. గోళ్ళు ఎప్పుడూ కొరుక్కునే ఉంటాను, కత్తిరించడానికేం మిగల్లేదు. ఇక లేజర్ సంగతి. లేజర్ ఒక్కటే కారణం. పాపం అది కూడా నన్ను పట్టించుకోదు.

పోయిన వారం ఒకటి చూశాను, నీకు చెప్పకపోతే ఉండలేను. హరిదళం పూతని ఒక రకం కెమెరాతో ఫోటో తీస్తే పూత మాయమైపోయి, కింద మసి సిరాతో రాసింది కనపడుతుంది. ఒక పేజీలో కింద ఏం తప్పు రాశాడో చూద్దామని తీశాం. కింద ఉన్నదీ పైన ఉన్నదీ ఒకటే అక్షరం! ఒక గీత అటూ ఇటూ లేదు. సరిగ్గానే రాసినదాన్ని కప్పేసి, మళ్ళీ అదే రాశాడు. తప్పనుకున్నాడా, వంకరగా ఉందనుకున్నాడా, పక్కన నిలబడ్డ పెద్దాయన ఎవరైనా గదమాయించాడా? మా బాసు మాత్రం "రికార్డ్ చెయ్యి, కథలల్లకు" అంది. రికార్డ్ చేశాను. కథ నీకు రాస్తున్నాను.

అమ్మకి అర్థమయ్యేలా చెప్పినందుకు నీకు ఎంత రుణపడ్డానో.

బిందు


శాన్ రామన్,
ఫిబ్రవరి 13, 2025

బిందూ,

కార్డు ముక్కే రాస్తున్నాను, కంటి డాక్టర్ దగ్గరికి వెళ్ళే తొందర. దుర్గ పసుపు గురించి ఏమైనా అడిగితే ఊఁ అను, చాలు. పెద్దగా వివరించకు. వివరిస్తే చెడుతుంది.

రుణాలూ గిణాలూ ఏం లేవు.

పెద్దమ్మ


జెర్సీ సిటీ,
మార్చి 2, 2025

పెద్దమ్మా,

ఏం చేశావు నువ్వు?

క్యారీ తెలుగు సంఘం తరఫున వీరాంజనేయులు అంకుల్ నాకు మెయిల్ పెట్టారు. ఏప్రిల్ ఐదున ఉగాది సంబరాలట. ఒక పోస్టర్ జతచేశారు. అందులో నా కాలేజీ ఫోటో, దాని కింద పసుపు కొమ్ములు, వెనకాల ఎర్ర డ్రాగన్. పైన అక్షరాలు: 'చైనా ప్రాచీన గ్రంథాలలో మన పసుపు. పరిశోధకురాలు కుమారి బిందుమాధవి ప్రసంగం.' ఆ ప్రసంగం నాదే. నా పిల్లల డాన్సులకీ పులిహోరకీ మధ్య ఇరవై నిమిషాలు ఇచ్చారు. (నా పిల్లలు కాదు, వాళ్ళ పిల్లలు. చూశావా, కోపంలో ఏం రాస్తున్నానో.)

అమ్మకి ఫోన్ చేశాను. "నేను చెప్పలేదే, అంకులే అడిగారు" అని మొదలుపెట్టి, మెల్లగా అంతా చెప్పింది. గుళ్ళో చెప్పిందట, కార్‌పూల్‌లో చెప్పిందట, కంపెనీలో పక్క సీటు గుజరాతీ ఆవిడకీ చెప్పిందట. వెయ్యేళ్ళ కిందట చైనా పండితులు తప్పు రాస్తే మన వంటింటి పసుపు పూసి కప్పేవాళ్ళనీ, ఆ సంగతి తన కూతురు కనిపెట్టిందనీ! నీకెవరు చెప్పారమ్మా అంటే, "అక్క చెప్పింది" అంది. ఆ రెండు ముక్కల్లో ఎంత నమ్మకమో నీకు చెప్పలేను.

నేను నోరు తెరిచేలోపు అమ్మ ఇంకో మాటంది. "రెండేళ్ళయినా చెయ్యవే. ఇలాంటి పని ఎవరికి దొరుకుతుంది? మా మేనేజర్‌కి నేను సర్దిచెప్పుకుంటాలే."

నాకు కావలసింది అదే. సరిగ్గా అదే. ఇన్నాళ్ళూ అమ్మ నోటి వెంట ఆ మాట రావాలనే చూశాను. వచ్చింది, కానీ నా పనికి కాదు, ఇంకెవరి పనికో వచ్చింది. ఫోన్ పట్టుకుని "సరేనమ్మా" అని పెట్టేశాను. ఇంతకంటే 'వైట్‌నర్ ఇన్‌స్పెక్టర్' నయం. అందులో వైట్‌నర్ అయినా నిజం.

ఇన్నాళ్ళూ మేం చూసిన పూతల్లో పసుపు ఎక్కడా లేదు పెద్దమ్మా. చిటికెడు లేదు. ఎందుకలా చెప్పావు?

బిందు


జెర్సీ సిటీ,
మార్చి 11, 2025

పెద్దమ్మా,

జవాబు లేదు. కోపమొచ్చిందా? గట్టిగా రాశానని తెలుసు. ఉన్నమాట రాశానని కూడా తెలుసు. అయినా నీ ఉత్తరం లేని పోస్ట్‌బాక్స్ నిండా పిజ్జా కూపన్లే. వాటి కోసం కిందికి దిగబుద్ధి కావడం లేదు.

తిట్టాలనుకుంటే తిట్టు. రాయడం మాత్రం మానకు.

బిందు


శాన్ రామన్,
మార్చి 15, 2025

బిందూ,

కోపం లేదు, చాదస్తం లేదు. కంట్లో శుక్లం తీశారు. చదవకూడదు, రాయకూడదు, వంగకూడదు అన్నారు. చెబితే నువ్వు సెలవు పెట్టి ఊడిపడతావని చెప్పలేదు. నీ ఉత్తరాలు రెండూ పెదనాన్నే చదివి వినిపించారు. కోపంగా ఉన్న వాక్యాలు ఆయన మరీ నెమ్మదిగా చదివారు.

ఒక వింత విను. కట్టు విప్పాక హాల్లోకి వచ్చి చూస్తే గోడలు తెల్లగా ఉన్నాయి! కొన్నేళ్ళుగా అవి లేత మీగడ రంగని నేను, కాదు తెలుపని ఆయన పోట్లాడుకుంటున్నాం. ఆయన పెయింటు డబ్బా మూత దాచిపెట్టుకున్నారు, అది తెచ్చి నా ముందు పెట్టి వెళ్ళిపోయారు. అంత పొగరు!

ఇక నీ ప్రశ్న. ఎందుకు చెప్పానా? నీకు ఊహ తెలియని రోజుల్లో కలరా ఉండ నోట్లో పెట్టుకున్నావు. ఆసుపత్రికి తీసుకెళితే నీకంటే ముందు దుర్గకి సెలైన్ ఎక్కించాల్సొచ్చింది. అలాంటిదానికి 'నీ కూతురు రోజూ ఆర్సెనిక్ ముందు కూర్చుంటుంది' అని నేను చెప్పనా? ఆ సాయంత్రమే కారేసుకుని నీ గుమ్మంలో దిగేది. అందుకని దానికి నచ్చే రంగులో చెప్పాను. కాగితం రంగు చూసి పూత కలుపుతారని నువ్వే కదా రాశావు. మన వంటింటి పసుపే పూసేవాళ్ళు అన్నాను. ఎంత బాగా అతికిందో చూశావుగా. అది గుడిదాకా మోసుకెళుతుందని మాత్రం అనుకోలేదు.

ఇప్పుడు గీకకు తల్లీ. నీకు ఉద్యోగం కావాలి, అమ్మ సంతోషం కావాలి. రెండూ చేతిలో ఉన్నాయి. స్టేజీ ఎక్కి పసుపు మంచిది, చైనా పెద్దది, మనవాళ్ళు గొప్పవాళ్ళు అని చెప్పి దిగిపో. పులిహోర ముందు ఎవరూ ప్రశ్నలడగరు.

ఒంటికన్నుతో రాశాను, అక్షరాలు నీవాటిలాగే వచ్చాయి.

పెద్దమ్మ


జెర్సీ సిటీ,
మార్చి 24, 2025

పెద్దమ్మా,

నీ కన్ను నిజంగా ఎలా ఉంది? చుక్కలు వేళకి వేసుకుంటున్నావా? పెదనాన్న పొగరుకి నా జోహార్లు చెప్పు.

నిధులొచ్చాయి. శుక్రవారం మా బాసు నన్ను పిలిచి, రెండేళ్ళ పోస్టు నీదే, అయితే సాయంత్రాలు చైనీస్ నేర్చుకోవాలి, సరేనా అంది. క్యారీ ఆంటీకి చెప్పు, వాళ్ళమ్మాయీ నేనూ ఒకే క్లాసులో చేరతాం. జీతం అమ్మ కంపెనీ వాళ్ళిచ్చే దానికంటే తక్కువే, ఆ సంగతి దాచను. రెండేళ్ళ తర్వాత ఏమిటో ఎవరికీ తెలీదు. ఏప్రిల్ పదికల్లా చెప్పమంది.

నీ మాట గురించి చాలా ఆలోచించాను. న్యూయార్క్ వెళ్ళే పాత్ ట్రైన్‌లో నిలబడి రోజూ అదే ఆలోచన. వదిలేస్తే ఎవరికి నష్టం? రాసినవాడు పోయాడు, కప్పినవాడు పోయాడు. క్యారీలో కొంతమంది పసుపు అనుకుంటే ఆకాశం విరిగి పడదు. ఒప్పుకుంటున్నాను, సగం మనసు నీ వైపే ఉంది.

ఇవాళ ఆకతాయితనానికి అమ్మ పంపిన దుగ్గిరాల పసుపు చిటికెడు ల్యాబ్‌కి తీసుకెళ్ళి లేజర్ కింద పెట్టాను. మా బాసు నవ్వి సరేనంది. పసుపు మీద లేజర్ పడగానే అది వెలిగిపోతుంది పెద్దమ్మా. ఆ వెలుగులో ఇక మిషన్‌కి ఏమీ కనపడదు, స్క్రీన్ మీద ఒక పెద్ద దిబ్బ, అంతే. హరిదళం అలా కాదు. దాని గీతలు సూదుల్లా నిలబడతాయి, ఎక్కడ చూసినా అదే వరస. రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే చిన్నపిల్లాడు కూడా పొరపడడు. మా ఇంట్లో తప్ప.

నవ్వుకున్నాను. తర్వాత నవ్వు రాలేదు. అమ్మ వింటున్నది నా పని గురించి కాదని తెలిశాక, ఆ రోజు ఫోన్‌లో నేను చెప్పినదంతా మళ్ళీ గుర్తు చేసుకున్నాను. "ఎంత మందం? రంగు దిగలేదా?" ఎంత మంచి ప్రశ్నలో. ఇంకో రెండేళ్ళు అలాంటి ప్రశ్నలకి నేను ఊఁ అంటూ ఉండాలా?

నాలుగో తారీఖున క్యారీ వెళ్తున్నాను. అక్కడికెళ్ళి ఏం చేస్తానో ఈ ఉత్తరం రాసే నాటికి నాకూ తెలీదు.

బిందు


శాన్ రామన్,
మార్చి 30, 2025

బిందూ,

ఉగాది ఆశీస్సులు. రెండేళ్ళ పోస్టు నీకే ఇచ్చారని పెదనాన్న మూడిళ్ళకి ఫోన్ చేసి చెప్పారు. పసుపు అని చెప్పలేదు, హరిదళం అని కూడా చెప్పలేదు, "కెమికల్ అండీ" అన్నారట. ఆయన ఇంజనీరు, నడిమధ్యన వంతెన కట్టేశారు.

నీ ఇష్టం అంటున్నాను. కానీ నా ఇష్టం అది కాదని కూడా తెలుసుకో. దుర్గ ఏడిస్తే ముందు నాకే ఫోన్ చేస్తుంది. అందుకు సిద్ధంగా ఉంటాను.

పెద్దమ్మ


జెర్సీ సిటీ,
ఏప్రిల్ 9, 2025

పెద్దమ్మా,

అమ్మ నీకు ఫోన్ చెయ్యలేదని తెలుసు. ఎందుకు చెయ్యలేదో చెప్తాను.

శనివారం సంఘం వాళ్ళ ఫంక్షన్ ఒక స్కూల్లో. నాన్న, అన్నయ్య ముందే వెళ్ళిపోయారు. అమ్మ డ్రైవ్ చేస్తోంది, నా ఒళ్ళో పులిహోర ట్రే. పార్కింగ్‌లో కారాపి, అద్దంలో బొట్టు సరిచూసుకుంటోంది. మంచి పట్టుచీర కట్టుకుంది, నా ప్రసంగం కోసమని. ఇక అప్పుడు చెప్పకపోతే ఎప్పుడూ చెప్పలేననిపించింది.

"అమ్మా, అది పసుపు కాదు."

"ఏది?"

"చైనా పుస్తకాల్లోది. ఆర్సెనిక్ సల్ఫైడ్. ఒక రాయి. పసుపు ఎక్కడా లేదు."

అద్దంలోంచే నన్ను చూసింది. "అక్క చెప్పింది కదే."

"నువ్వు భయపడతావని పెద్దమ్మ అలా చెప్పింది."

"దేనికి భయం?"

"ఆర్సెనిక్‌కి."

అప్పుడు మా అమ్మ ఇటు తిరిగింది పెద్దమ్మా. ఆ మొహం నేను ఇంట్లో ఎప్పుడూ చూడలేదు. బహుశా వాళ్ళ ల్యాబ్‌లో వాళ్ళకి తెలుసేమో.

"పదకొండేళ్ళుగా నా పనేంటనుకుంటున్నారే మీరందరూ? మందుల్లో ఆర్సెనిక్ ఎంతుందో రోజూ చూసేది నేను! సీసం చూస్తాను, పాదరసం చూస్తాను. లిమిట్ దాటితే బ్యాచ్ మొత్తం ఆపించేది నా సంతకం. ఆర్సెనిక్ అంటే నేను భయపడతానా?"

నాకు అమ్మ 'ల్యాబ్‌లో చేస్తుంది' అని తెలుసు. ఆ ల్యాబ్‌లో ఏం చేస్తుందో ఒక్కరోజూ అడగలేదు. నాన్న నా పని గురించి చెప్పినట్టే, నేనూ అమ్మ పని గురించి "ఫార్మాలో ఏదో" అని చెప్పుకుంటూ తిరిగాను. నీకు తెలిసిన దుర్గ ఆ కలరా ఉండ దగ్గరే ఆగిపోయింది పెద్దమ్మా. నాకు తెలిసిన అమ్మ ప్రసాదం కప్పుల దగ్గర.

"మరి నువ్వెలా నమ్మావు?" అన్నాను.

"అక్క ల్యాబ్ మనిషి కదా, చూసే చెబుతుందనుకున్నాను. అయినా నాకు అనుమానమొచ్చింది. పసుపు వెలుగులో పెడితే వెలిసిపోతుంది, అన్నేళ్ళు రంగెలా ఉందా అని. వాసన అడిగింది అందుకే. మూడు ఊళ్ళవి పంపింది కూడా అందుకే. పక్కన తెలిసిన శాంపిల్ పెట్టకుండా ఎవరైనా టెస్ట్ చేస్తారా? రన్ చేశావా?"

"దుగ్గిరాలది చేశాను. లేజర్‌కి వెలిగిపోయింది."

"వెలుగుతుంది. మిగతా రెండూ?"

"ఒకటి పప్పులో వేశానమ్మా."

స్టీరింగ్ మీద తల పెట్టేసుకుంది. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది. లేబుల్ వేసి, తేదీ రాసి పంపిన శాంపిల్‌ని పప్పులో వేసినదాన్ని వాళ్ళ ల్యాబ్‌లో అయితే ఆ పూటే ఇంటికి పంపించేస్తారట. తర్వాత నవ్వు ఆపి, "అక్క నన్ను ఇంకా చిన్నపిల్ల అనుకుంటోంది" అంది. కోపమంతా అక్కడుంది. కాబట్టి కొన్నాళ్ళు నీకు ఫోన్ రాదు. అలవాటు చేసుకో.

లోపలికెళ్ళాం. పోస్టర్‌లోని డ్రాగన్‌ని ఎవరో థర్మోకోల్‌తో చేసి స్టేజీ మీద కూడా పెట్టారు. పసుపు లేదని మొదటి వాక్యంలోనే చెప్పేశాను. వీరాంజనేయులు అంకుల్ పక్కనుంచి మైకు పట్టుకుని, "అమ్మా, బాగా వెతికారా? కొంచెమైనా?" అన్నారు, పాపం ఆశగా. "లేదంకుల్, ఆర్సెనిక్ ఉంది." "మరి పోస్టర్..." అని ఆగిపోయారు. అందరూ నవ్వారు. ఆ తర్వాత బానే విన్నారు. రెండుసార్లు రాసిన ఒకే అక్షరం గురించి చెప్పినప్పుడు మూడో వరసలో ఒకాయన లేచి, "నేనూ తాళం రెండుసార్లు వేస్తానమ్మా, నాలాంటివాడే" అన్నారు. వేరే ప్రశ్న ఒకటే వచ్చింది, అది అమ్మ అడిగింది. "ఆ పూతలో జిగురు ఏంటో తేలిందా?" నిజంగా తెలీక అడిగింది. నాకూ తెలీదని చెప్పాను. జంతువుల జిగురో, చెట్టు బంకో ఇంకా తేలలేదు. అమ్మ తలూపి కూర్చుంది. కూతుర్ని అడిగినట్టు అడగలేదు పెద్దమ్మా. పని చేసేవాళ్ళని అడిగినట్టు అడిగింది.

అంతమాత్రాన మనసు మారిపోయిందనుకోకు. మర్నాడు ఎయిర్‌పోర్ట్‌కి దింపుతూ మళ్ళీ మొదలుపెట్టింది. "విషమని కాదు. ఆ రెండేళ్ళూ మూణ్ణాళ్ళ ముచ్చట. మా దగ్గర పర్మనెంట్. పసుపు అనుకుని ఏదో మురిసిపోయి సరే అన్నాను, ఇప్పుడు ఆ సరే వెనక్కి తీసుకుంటున్నాను." తీసుకోమన్నాను. టెర్మినల్ ముందు బ్యాగు దింపి, "గ్లోవ్స్ నైట్రైలా లేటెక్సా?" అంది. నైట్రైల్ అన్నాను. "సేఫ్టీ డేటా షీట్ పంపించు, చదవాలి" అంది. వెనక కారు హారన్ కొట్టేదాకా కదల్లేదు.

సోమవారం పంపాను. రాత్రికల్లా మూడు ప్రశ్నలొచ్చాయి. మూడూ మంచివే. ఒకటి మా బాసుకి చూపిస్తే, "ఎవరీవిడ?" అంది.

క్యారీ ఉద్యోగానికి రానని వాళ్ళ మేనేజర్‌కి నిన్న మెయిల్ పెట్టాను. ఇక్కడి కాగితాల మీద ఇవాళ సంతకం చేశాను. రెండేళ్ళు ఇక్కడే చేస్తాను. నా పని సంగతి ఇకమీదట అమ్మకి నేనే చెబుతాను, నువ్వు చెప్పొద్దు.

బిందు